పందెం వెనక పాట

ఫజర్ నమాజు ముగిసి ఎంతోసేపు కాలేదు. సౌదీ అరేబియాలోని ఉనైజా ఖర్జూరం మార్కెట్లో పికప్ బండ్లు అప్పటికే వరుస కట్టి ఉన్నాయి. తొట్టెల నిండా పెట్టెలు, పెట్టెల నిండా బంగారు రంగు సుక్కరీ పండ్లు. ఒకాయన బండి మీదికెక్కి గొంతెత్తాడు. చుట్టూ తెల్ల తోబులు మూగాయి. ఒకరు వేలు ఎత్తారు, ఒకరు తల ఊపారు. రెండు నిమిషాల్లో బండెడు పండ్లు చేతులు మారాయి. ఆయన దిగి పక్క బండి ఎక్కాడు.

పెట్టెలు దించే పనిలో ఉన్న జగిత్యాల కుర్రాడొకడు నా పక్కన నిలబడి చెమట తుడుచుకుంటూ అన్నాడు. "గాయనకు తోట లేదు, బండి లేదు, దుకాణం లేదన్నా. ఉన్నదల్లా గొంతే. గాయన రాకుంటే మార్కెట్టే షురూ గాదు."

ఆయన్ని అక్కడ దలాల్ అంటారు. ఆ మాటే సముద్రం దాటి మన దగ్గర దళారి అయింది. దారిలో మర్యాద పోగొట్టుకుంది, అది వేరే సంగతి. ఉనైజాలో దలాల్ అంటే తిట్టు కాదు, వృత్తి. అమ్మేవాడికి కొనేవాణ్ని, కొనేవాడికి సరుకును చూపించి, ఇద్దరి మధ్య ధర అనే మాటను పుట్టించేవాడు.

ముఖచిత్రం మీద కారు బొమ్మ చూసి పేజీ తిప్పినవాళ్లు ఈ ఖర్జూరాలేమిటని విసుక్కోవద్దు. మోటార్ రేసింగ్‌ను ఇంత పెద్ద వ్యాపారంగా మార్చింది ఎవరని అడిగితే అభిమానులు షుమాకర్ అంటారు, సెన్నా అంటారు, ఫెరారీ అంటారు. నన్నడిగితే ఒక దలాల్ అంటాను. అతనూ కారు తయారు చేసినవాడు కాదు. నడపబోయి 1958లో మొనాకోలో అర్హత కూడా సాధించలేకపోయాడు. పేరు బెర్నీ ఎకిల్‌స్టోన్.

బన్నుల నుంచి బ్రాబమ్ దాకా

1930లో ఇంగ్లండ్‌లోని సఫోక్ ప్రాంతపు పల్లెలో చేపల పడవ నడిపే మనిషి ఇంట పుట్టాడు. బడికి పోతూ దారిలో బన్నులు కొని, విరామంలో తోటి పిల్లలకు లాభానికి అమ్మేవాడట. యుద్ధం అయిపోయాక పాత మోటార్‌సైకిళ్లు కొని అమ్మాడు, ఆపైన పాత కార్లు. జోకెన్ రింట్ అనే డ్రైవర్ వ్యవహారాలు చూశాడు. రింట్ 1970లో మోంజాలో చనిపోయాడు. ఆ తర్వాతి ఏడాది చివర ఎకిల్‌స్టోన్ బ్రాబమ్ జట్టును లక్ష పౌండ్లకు కొన్నాడు. జట్టు యజమానుల సమావేశాల్లోకి అడుగుపెట్టాడు. అక్కడ కూర్చున్నాక అతనికి కనిపించింది మిగతావాళ్లకు కనిపించలేదు.

అప్పటి ఫార్ములా వన్ మన వారపు సంత లాంటిది. ఎవరి బేరం వారిది. ఒక్కో సర్క్యూట్ యజమాని ఒక్కో జట్టుతో విడివిడిగా మాట్లాడుకునేవాడు. పేరున్న జట్టుకు ఎక్కువ, లేనివాడికి తక్కువ. గిట్టుబాటు కాని పందేనికి కొందరు రానే రారు. ఎవరొస్తారో తెలియక నిర్వాహకుడు, ఎంతొస్తుందో తెలియక జట్లు, పోస్టర్ మీది డ్రైవర్ కనిపించక ప్రేక్షకుడు, అందరూ చిరాకులోనే ఉండేవారు. జట్ల యజమానులు ఇంజినీర్లు. గేర్‌బాక్స్ గురించి రాత్రంతా మాట్లాడతారు, లెక్కల పుస్తకం తెరిస్తే నిద్రొస్తుంది.

ఎకిల్‌స్టోన్ జట్లతో ఒక మాట అన్నాడు. మీ బేరం నాకు వదిలేయండి. నిర్వాహకులతో ఇంకో మాట అన్నాడు. కార్లన్నీ వస్తాయి, ధర మాత్రం ఒక్కటే, నాతోనే. కనిపెట్టింది ఇంతే. 1974లో ఏర్పడిన నిర్మాతల సంఘం ఫోకా ఇందుకు పనిముట్టయింది. పందేనికి ఇంత అని జట్లకు పంచే డబ్బు పెరిగింది. సర్క్యూట్ యజమాని పిల్లి, జట్లు ఎలుకలుగా సాగిన ఆట తిరగబడింది.

దీన్ని చూసి క్రీడను పాలించే సమాఖ్య ఊరుకోలేదు. సమాఖ్య తరఫున అప్పటి ఫీసా అధ్యక్షుడు జాన్ మారీ బాలెస్త్ర్, ఇటు ఎకిల్‌స్టోన్ వర్గం రెండేళ్లు కొట్టుకున్నారు. 1980లో స్పెయిన్‌లో జరిగిన పందెం చివరికి ఛాంపియన్‌షిప్ లెక్కలోకే రాలేదు. 1981లో పారిస్‌లోని ప్లాస్ ద లా కాంకార్డ్‌లో సంతకాలయ్యాయి. అదే కాంకార్డ్ ఒప్పందం. నియమాలు సమాఖ్యవి, వ్యాపారం ఎకిల్‌స్టోన్ వర్గానిది. అందులో ఒక షరతు ఉంది. సంతకం చేసిన జట్టు ప్రతి పందేనికీ వచ్చి తీరాలి.

చూడ్డానికి హాజరు పట్టీ నియమంలా ఉంటుంది. అసలు డబ్బంతా అక్కడే ఉంది. టీవీ వాళ్లకు కావలసింది వేగం కన్నా ముందు నమ్మకం. ఫలానా ఆదివారం, ఫలానా గంటకు, ఫలానా కార్లన్నీ మొదలుపెట్టే గీత మీద నిలబడతాయి అని కాగితం మీద రాసిస్తేనే వాళ్లు ప్రసారానికి సమయం కేటాయిస్తారు. ఆ కాగితం చేతిలో పట్టుకుని ఎకిల్‌స్టోన్ దేశదేశాల టీవీ సంస్థల తలుపులు తట్టాడు. తెరమీద కనిపిస్తుందని తెలియగానే కంపెనీలు కార్ల మీద తమ పేర్లు పెద్దవి చేసుకున్నాయి. సిగరెట్ డబ్బు వరదలా వచ్చింది. మనలో నలభై దాటినవాళ్లకు ఎరుపు తెలుపుల మెక్‌లారెన్ కారు గుర్తుంటుంది. అది కారు కాదు, పరిగెత్తే సిగరెట్ పెట్టె.

ఆ తర్వాతి బేరాలు మరీ విచిత్రం. 2001లో సమాఖ్య ఈ ఛాంపియన్‌షిప్ వాణిజ్య హక్కుల్ని 2011 నుంచి మొదలయ్యే వంద ఏళ్ల కాలానికి ఎకిల్‌స్టోన్ కుటుంబపు సంస్థకు లీజుకిచ్చింది. ధర 30 కోట్ల డాలర్ల పైచిలుకు. వందేళ్లకు. మన ఊళ్లో చెరువు చేపల హక్కు కూడా ఇంత సుళువుగా పాడుకోలేం.

అతన్ని మెచ్చుకుంటూనే ఇంకో పద్దు రాయాలి. 2023 అక్టోబర్‌లో, 92 ఏళ్ల వయసులో, విదేశీ ఆస్తుల విషయంలో పన్నుల శాఖను మోసం చేసినట్టు లండన్ కోర్టులో ఒప్పుకున్నాడు. 65 కోట్ల పౌండ్లకు పైగా కట్టాడు. 17 నెలల జైలు శిక్ష పడి, అమలు మాత్రం నిలిచింది.

తాళాలు తీసినవాళ్లు

దలాల్‌కు ఒక జబ్బుంటుంది. ఇవాళ ఎదురుగా నిలబడి డబ్బిచ్చేవాడే అతని కంటికి ఆనుతాడు. రేపు కొనబోయే కుర్రాడు కనపడడు. 2014లో ఎకిల్‌స్టోన్ పైకే అనేశాడు. కుర్రకారు వెంట పడటం వల్ల తనకేం లాభమని, వాళ్లు రోలెక్స్ వాచీ కొనగలరా అని, తనకు డబ్బున్న డెబ్బై ఏళ్ల పెద్దమనిషి చాలని. సోషల్ మీడియాను పట్టించుకోలేదు. గరాజ్‌ల మధ్య ఫోన్‌తో తీసిన వీడియో ఎవరైనా పెడితే ఊరుకునేవారు కాదు.

2016 సెప్టెంబర్‌లో అమెరికా సంస్థ లిబర్టీ మీడియా కొనుగోలును ప్రకటించింది. అప్పులతో కలిపి విలువ 800 కోట్ల డాలర్లు. 2017 జనవరి 23న పని పూర్తయింది. ఆ రోజే ఎకిల్‌స్టోన్ కుర్చీ ఖాళీ అయింది. గౌరవ ఛైర్మన్ అనే బిరుదు చేతిలో పెట్టారు. కొత్త అధిపతి చేజ్ కేరీ. వ్యాపారం చూడటానికి ఈఎస్‌పీఎన్ నుంచి షాన్ బ్రాచెస్ వచ్చాడు.

వీళ్లు చేసిన మొదటి పని తాళాలు తీయడం. డ్రైవర్లూ జట్లూ వీడియోలు పెట్టుకోవచ్చన్నారు. తెర వెనక తగువుల్ని నెట్‌ఫ్లిక్స్ కెమెరాకు వదిలేశారు. 2019 మార్చిలో వచ్చిన 'డ్రైవ్ టు సర్వైవ్' చూసి, టైరు రంగుల తేడా కూడా తెలియని వాళ్లు జట్టు మేనేజర్ల పేర్లు బట్టీ పట్టారు. అత్తాకోడళ్ల సీరియల్‌కు ఇంజిన్ బిగించినట్టుంటుందని నా అభిప్రాయం. అయినా వరుసపెట్టి చూశాను. 2021లో జట్ల ఖర్చుకు 14.5 కోట్ల డాలర్ల పరిమితి పెట్టారు. అంతకుముందు నష్టాల బావిలా ఉన్న జట్టు ఆస్తిగా మారింది. 2017లో 178 కోట్ల డాలర్లున్న ఫార్ములా వన్ ఆదాయం 2024 నాటికి 341 కోట్లయింది.

అయితే లిబర్టీ మార్చనిది ఒకటుంది. పందెం జరపాలంటే ఊరు రుసుము కట్టాలన్న ఎకిల్‌స్టోన్ సూత్రం. టికెట్లు అమ్ముడైనా కాకపోయినా ఆ డబ్బు ఆగదు. మిగతాదంతా పైపూత. పాట నడిచేది దాని మీదే.

కొనే దేశం

ఉనైజా నుంచి చూస్తే ఈ కథకు ఇంకో ముఖం కనిపిస్తుంది. వాదీ అర్‌రుమ్మా దక్షిణపు ఒడ్డున ఉన్న ఈ ఊరు పుట్టుకతోనే వర్తకుల ఊరు. ఖసీమ్ ప్రాంతపు ఉకైలాత్ వర్తకులు ఒంటెల్ని సిరియాకు, ఈజిప్టుకు తోలుకుపోయేవారు. గుర్రాలు బొంబాయికి కూడా చేరేవి. ఇక్కడి అల్ బస్సామ్ కుటుంబం వాణిజ్యం బస్రా, బొంబాయిల దాకా పాకింది. వాళ్ల పాత మట్టి ఇల్లు ఇప్పటికీ చూడొచ్చు. లెబనాన్ రచయిత అమీన్ రిహానీ ఈ ఊరిని నజ్ద్ పారిస్ అన్నాడని ఉనైజా వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఇలాంటి గడ్డ మీద అమ్మకం గురించి ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు. విచిత్రమేమిటంటే మోటార్ పందేల దగ్గరికొచ్చేసరికి సౌదీ అరేబియా అమ్మేవాడి పక్కన కాదు, కొనేవాడి పక్కన నిలబడింది.

2018 డిసెంబర్ 15న రియాద్ శివార్లలో, పాత రాజధాని దిరియా మట్టిగోడల పక్కన ఫార్ములా ఈ విద్యుత్ కార్లు పరుగెత్తాయి. స్త్రీలు కారు నడపడానికి అనుమతి వచ్చింది ఆ ఏడాది జూన్ 24నే. పందెం టికెట్‌తో పాటే విదేశీయులకు వీసా ఇచ్చారు. ఆడా మగా కలిసి కచేరీలు చూశారు. తర్వాతి ఏడాది దిరియాలోనే రీమా జుఫాలీ అనే సౌదీ యువతి జాగ్వార్ కార్ల పోటీలో దిగింది. 2020లో డాకార్ ర్యాలీ దక్షిణ అమెరికాను వదిలి ఈ ఎడారికి వచ్చింది. 2021లో దాని ఐదో దశ ఉనైజా పక్కనున్న బురైదాలో ముగిసింది. 2020లోనే సౌదీ చమురు సంస్థ ఆరామ్‌కో ఫార్ములా వన్‌కు ప్రధాన భాగస్వామి అయింది. 2021 డిసెంబర్ 5న జెద్దా సముద్రపు ఒడ్డున, 6.174 కిలోమీటర్ల దారిలో, 27 మలుపులతో తొలి గ్రాండ్ ప్రి. హామిల్టన్ గెలిచాడు.

ఎందుకింత ఖర్చు? చమురు తర్వాత బతుకు కోసమని వాళ్ల జవాబు. మసిబారిన పేరును పాలిష్ పెట్టడానికని విమర్శకుల జవాబు. రెండూ నిజమేనని నాకనిపిస్తుంది. 2022 మార్చి 12న ఆ దేశం ఒక్క రోజులో 81 మందికి మరణశిక్ష అమలు చేసింది. రెండు వారాలు తిరక్కుండా ఫార్ములా వన్ జెద్దాకు వెళ్లింది. మార్చి 25న తొలి ప్రాక్టీస్ నడుస్తుండగా హూతీల దాడిలో ఆరామ్‌కో చమురు డిపో మంటల్లో చిక్కుకుంది. సర్క్యూట్ నుంచి పొగ కనిపించింది. డ్రైవర్లు అర్ధరాత్రి దాటేదాకా గదిలో కూర్చుని వాదించుకున్నారు. ఆదివారం పందెం జరిగింది. ఆ రాత్రి గదిలో ఏం మాట్లాడుకున్నారో గానీ, బయటికొచ్చాక గెలిచింది ఒప్పందమే.

ఇదంతా ఉనైజాలో మజ్రా తోటల్లో చెట్లెక్కే, ఇళ్లలో డ్రైవర్లుగా పనిచేసే మనవాళ్లను ఏమాత్రం తాకిందంటే, పెద్దగా లేదు. నివాస పత్రం ఇకామా ఎప్పుడు రెన్యువల్ అవుతుంది, యజమాని కఫీల్ సెలవు ఇస్తాడా, ఇంటికి పైసలు ఏ రేటుకు పోతున్నయి, వాళ్ల పద్దులు ఇవి. జగిత్యాల కుర్రాణ్ని జెద్దా పందెం గురించి అడిగితే నవ్వాడు. "ఫోన్ల చూసిన. హైదరాబాద్‌ల గూడ జరిగింది గదన్నా, మల్ల ఎందుకు బందైంది?"

ఆ ప్రశ్న కోసమే ఇంత దూరం వచ్చినట్టనిపించింది.

హుస్సేన్ సాగర్ గట్టున

హైదరాబాద్‌లో జరిగిన ఫార్ములా ఈ కూడా వ్యాపార బుర్రలోంచే పుట్టింది. 2011లో పారిస్‌లో ఓ భోజనాల బల్ల దగ్గర స్పెయిన్ వ్యాపారి అలెహాంద్రో అగాగ్, సమాఖ్య అధ్యక్షుడు జాన్ టోడ్ మాట్లాడుకుంటూ చేతిరుమాలు కాగితం మీద గీసుకున్న ఆలోచన. 2014 సెప్టెంబర్‌లో బీజింగ్‌లో తొలి పందెం. మొదటి ఏడాదే డబ్బులు అడుగంటితే లిబర్టీ గ్లోబల్, డిస్కవరీ ఆదుకున్నాయి. ఈ లిబర్టీ, ఆ లిబర్టీ వేర్వేరు కంపెనీలు. అప్పట్లో రెండిటికీ పెద్ద దిక్కు మాత్రం జాన్ మలోన్ అనే ఒకే మనిషి.

అగాగ్ తెలివి ఏమిటంటే ఎకిల్‌స్టోన్ సూత్రాన్ని ఊరి నడిబొడ్డుకు తెచ్చాడు. కారుకు శబ్దం తక్కువ, పొగ లేదు, కాబట్టి సచివాలయం ముందు కూడా పరుగు పెట్టించొచ్చు. అమ్మే సరుకు పందెం కాదు, టీవీలో కనిపించే ఊరి బొమ్మ. పోస్ట్‌కార్డ్ మీద బుద్ధుడి విగ్రహం చూపించడానికి ఎంత ఇస్తారన్నదే పాట.

2023 ఫిబ్రవరి 11న ఆ బొమ్మ మనది. ఎన్టీఆర్ మార్గ్, కొత్త సచివాలయం, లుంబినీ పార్క్ చుట్టూ 2.8 కిలోమీటర్ల దారి, 18 మలుపులు. ఫ్రెంచ్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2013లో ఫార్ములా వన్ వెళ్లిపోయాక దేశంలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్థాయి కార్ల పందెం అదే మొదటిది. సచిన్ వచ్చాడు, రామ్‌చరణ్ వచ్చాడు. దారులు మూసేస్తే ఖైరతాబాద్ చుట్టూ చిక్కుకుపోయిన ఆఫీసు జనం తిట్టుకున్నారు. ఊరికి దాదాపు 8.4 కోట్ల డాలర్ల మేలు జరిగిందని ఫార్ములా ఈ లెక్క చెప్పింది. అమ్మేవాడు చెప్పిన తూకాన్ని కొనేవాడు ఒకసారి సొంత తక్కెడలో వేసుకోవాలి. ఆ పని ఎవరూ చేసినట్టు కనిపించదు.

తొలి ఏడాది ఖర్చు మోసే బాధ్యత ఒక ప్రైవేటు ప్రమోటర్‌ది. గ్రీన్‌కోకు చెందిన ఏస్ నెక్స్ట్ జెన్ ఆ పాత్ర పోషించి తర్వాత తప్పుకుంది. ఆ బరువు ప్రభుత్వం నెత్తిన పడింది. 2023 అక్టోబర్ 30న, ఎన్నికల కోడ్ అమల్లో ఉండగా, పురపాలక శాఖ కొత్త ఒప్పందం మీద సంతకం చేసింది. డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. 2024 జనవరి 5న ఫార్ములా ఈ రెండో పందేన్ని రద్దు చేసి, ఒప్పందం ఉల్లంఘించారని ప్రకటించింది. విదేశానికి వెళ్లిన చెల్లింపులు, పన్నులు కలిపి దాదాపు 55 కోట్ల రూపాయలకు సరైన అనుమతులు లేవంటూ 2024 డిసెంబర్‌లో ఏసీబీ కేసు పెట్టింది. అప్పటి మంత్రి కేటీఆర్ ఆరోపణల్ని ఖండించారు, హైదరాబాద్ పేరు కోసమే చేశామన్నారు. తప్పొప్పులు కోర్టులు తేల్చాలి. నేను మాట్లాడేది బేరం గురించి.

దిరియా ఒప్పందం పదేళ్లది. ఆ తర్వాత పందెం జెద్దాకు మారినా దేశం దాటలేదు. అక్కడ రాజు మాటే బడ్జెట్ కాబట్టి సాగింది, మనది ప్రజాస్వామ్యం కాబట్టి ఆగింది అని తేల్చేయడం సులువు. నేను ఒప్పుకోను. మెల్‌బోర్న్‌లో, మాంట్రియల్‌లో ప్రభుత్వాలు ఎన్ని మారినా పందేలు నడుస్తూనే ఉన్నాయి. తేడా ఎక్కడుందంటే, అక్కడ ఎవరెంత కట్టాలో ఒక నాయకుడి ఉత్సాహంలో కాక కాగితం మీద ఉంటుంది. మన దగ్గర పందెం ఒక ప్రభుత్వపు ముద్దుబిడ్డగా పుట్టింది. ముద్దు చేసేవాళ్లు దిగిపోగానే అనాథ అయింది.

దేశానికి ఇది రెండో దెబ్బ. 2011 అక్టోబర్ 30న, అవును, హైదరాబాద్ ఒప్పందం మీద సంతకం జరిగిన తేదీనే, నోయిడా దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లో తొలి భారత గ్రాండ్ ప్రి జరిగింది. ఏడాది పందేనికి జేపీ గ్రూప్ కట్టాల్సింది 4 కోట్ల డాలర్లు. వెటెల్ మూడేళ్లూ గెలిచాడు. యూపీ సర్కారు దాన్ని వినోదం అంది, పన్ను అడిగింది. మూడేళ్లకే దుకాణం కట్టేశారు. ఆ కొద్ది రోజుల పందెం మీద ఫార్ములా వన్ ఇక్కడ ఆదాయపు పన్ను కట్టాల్సిందేనని 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పన్ను చట్టం చదివే విద్యార్థులు ఇప్పుడు ఆ తీర్పు చదువుతున్నారు. సర్క్యూట్‌కు మిగిలిన కీర్తి అదొక్కటే అంటే కాస్త కోపంగా అన్నట్టుంటుంది, కానీ కోపంగానే ఉంది.

హైదరాబాద్ మనిషి చేసిన ఇంకో ప్రయత్నం మాత్రం బతికే ఉంది. అఖిలేష్ రెడ్డి ఛైర్మన్‌గా ఉన్న రేసింగ్ ప్రమోషన్స్ సంస్థ 2022లో ఇండియన్ రేసింగ్ లీగ్ మొదలుపెట్టింది. ఐపీఎల్ పద్ధతే. ఊరి పేరు మీద జట్టు, జట్టుకో సినిమా లేదా క్రికెట్ ముఖం, ప్రతి జట్టులో ఒక మహిళా డ్రైవర్. హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్‌ను నాగచైతన్య, కోల్‌కతా జట్టును సౌరవ్ గంగూలీ తీసుకున్నారు. హుస్సేన్ సాగర్ దగ్గర తొలి విడత అస్తవ్యస్తంగా ముగిసింది. 2024 ఆగస్టు చివర చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రిపూట వీధి పందెం మాత్రం జరిగింది. విదేశానికి రుసుము కట్టే పని లేదు, హక్కు మన చేతిలోనే ఉంది. ఇందులో వేగం తక్కువ. ఆయుష్షు ఎక్కువ కావచ్చు.

ఎండ ఎక్కేసరికి ఉనైజా మార్కెట్లో పాట ఆగిపోయింది. బండ్లు ఖాళీ. దలాల్ ఒక పుస్తకం తీసి నీడలో కూర్చున్నాడు. ఏ బండి ఎవరిది, ఎవరు కొన్నారు, ఎంతకు, తనకెంత, ఒక్కొక్కటే రాసుకుంటున్నాడు. అమ్మినవాడూ కొన్నవాడూ భుజం మీంచి తొంగి చూస్తున్నారు. ఎవరూ అడ్డు చెప్పడం లేదు.

రేపెప్పుడో మళ్లీ ఎవరో మన ఊరికి పందెం తెస్తామంటారు. అప్పుడు కారు రంగు, వచ్చే సినిమా తార పేరు తర్వాత అడగండి. ముందు ఒప్పందం ప్రతి అడగండి. పందెం జరగకపోతే డబ్బు ఎవరు కట్టాలో ఏ పేజీలో ఉందో చూపించమనండి.